బొమ్మ వెనక మాటలు

"ఈడ ఆకలయ్యే మనిషి ఎవరప్పా?"

మెట్లెక్కి వచ్చిన అమ్మాయి గుమ్మంలో నిలబడి అడిగిన మొదటి మాట ఇది. హిందూపురంలో ఒక బెల్లం మండీ మీద రెండు గదుల ఆఫీసు. లోపల ఉన్నది ఇద్దరే. ఒకరు పోతులయ్య సారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక, ఊరూరా అటకల మీద చెదలకు మేతవుతున్న పాత పుస్తకాలను ఏరుకొచ్చి, పెన్నతీరం డిజిటల్ గ్రంథాలయం అని పేరు పెట్టిన పెద్దమనిషి. రెండోవాడు క్రాంతి కుమార్. ఆ పుస్తకాలను పేజీ పేజీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లోకి ఎక్కించడం అతని ఉద్యోగం.

క్రాంతి కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. "ఈడ ఎవరూ పార్సిలు చెప్పలేదు మేడం. కింద మండీలో అడగండి."

"పార్సిలు కాదు. మీ లైబ్రరీలో పెనుకొండ కోట బొమ్మల పుస్తకముంది గదా. అందులో మొదటి బొమ్మకు ‘ఆకలైతాంది’ అని రాసిండారు. రెండో బొమ్మకు ‘టీ చల్లగైపాయ’. గగనమహల్ బొమ్మకు ‘సారు కుర్చీ కిర్రుమంటాంది, నూనె పొయ్యల్ల’."

సరిగ్గా అప్పుడే పోతులయ్య సారు కుర్చీలో కదిలారు. కుర్చీ కిర్రుమంది.

క్రాంతి తలెత్తాడు. గుమ్మంలో ఒక అమ్మాయి. పచ్చ చుడీదారు, భుజాన బ్యాగు, చేతిలో మడతపెట్టిన తెల్లకర్ర. ముఖం అతని వైపే ఉంది గానీ చూపు అతని మీద లేదు. చెవి మాత్రం అతను చెప్పబోయే అబద్ధం కోసం సిద్ధంగా ఉన్నట్టుంది.

సంగతేమిటంటే, సైట్‌లోకి ఎక్కించే ప్రతి బొమ్మకూ ‘వివరణ’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఏదో ఒకటి రాయనిదే బొమ్మ ఎక్కదు. రాసింది మాత్రం చూసేవాళ్ళకు కనబడదు. ఎవరికీ కనబడని గడిలో ఏం రాస్తే ఏమని, క్రాంతి ఆ పూటకు తోచింది కొట్టేసేవాడు. చూపులేనివాళ్ళ ఫోన్లలో స్క్రీన్ రీడర్ అని ఒకటుంటుందనీ, అది తెర మీది అక్షరాలన్నీ చదివి వినిపిస్తుందనీ, బొమ్మ ఎదురైతే ఆ గడిలో ఉన్న మాటలే పైకి చెబుతుందనీ అతనికి తెలియదు. గోడలకు చెవులుంటాయని పెద్దలు చెప్పారు గానీ, బొమ్మలకు నోరుంటుందని ఎవరూ చెప్పలేదు.

"అది... టెస్టింగు మేడం," అన్నాడు.

"అన్ని పుస్తకాల్లోనా? నల్లచెరువు కట్ట ఫోటోకు ‘ఈ పొద్దు గూడా పప్పేనా’ అని ఉండాది. అదేం టెస్టింగు?"

పోతులయ్య సారు గొంతు సవరించుకున్నారు. "క్రాంతీ, నా కుర్చీకి నూనె నేనే పోసుకుంటాలే. నువ్వు ముందు ఆయమ్మకు కుర్చీ వెయ్యి."

ఆ అమ్మాయి పేరు యశోద. పెనుకొండ హైస్కూల్లో తెలుగు చెబుతుంది. సొంతూరు ధర్మవరం. తండ్రి గంగాధరప్ప ఇంట్లోనే మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. యశోదకు పుట్టుకతోనే చూపు లేదు. రోజూ ధర్మవరం నుంచి పెనుకొండకు ప్యాసింజర్ రైల్లో వచ్చి వెళుతుంది. ఇవాళ సెలవు కాబట్టి పెనుకొండలో దిగకుండా నేరుగా హిందూపురం దాకా వచ్చింది. పోట్లాడటానికే వచ్చింది.

"మీ సైట్‌లోకి రావాలంటే ముందు నేను మనిషినని రుజువు చేసుకోవల్లంట," అంది కూర్చుంటూ. "బొమ్మలిచ్చి, బస్సులు యాడుండాయో చూపించమంటాది. మా పక్కింటి నాగక్కను బతిమాలుకొని దాన్ని దాటితే, లోపల పుస్తకాలే లేవు. పుస్తకాల ఫోటోలుండాయి. ఫోటోను నా ఫోన్ చదవలేదు. మొత్తం లైబ్రరీలో నాకు వినబడిందల్లా మీ ఆకలి ఒక్కటే."

క్రాంతి చెవులు ఎర్రబడ్డాయి. అది ఆమెకు కనబడదన్న ధైర్యం కూడా ఎంతోసేపు నిలవలేదు.

"సిగ్గుపడుతుండారా? పడండి, పరవాలేదు," అంది యశోద.

"మీకెట్ల తెలిసింది?"

"మాట ఆగిపాయ గదా."

ఆమెకు కావలసింది ‘నాడె’ అనే పాత మాసపత్రిక. మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె పేరే దానికి పెట్టారు. ఒకప్పుడు ధర్మవరంలో అచ్చయ్యేదట. ఇప్పుడు సంచికలన్నీ ఒక్కచోట దొరికేది పోతులయ్య సారు దగ్గరే. అందులో మగ్గం పాటల మీద వరసగా వ్యాసాలొచ్చాయి. యశోద పీహెచ్‌డీ చేస్తున్నది ఆ పాటల మీదే. ఇన్నాళ్ళూ చదివిపెట్టిన చెల్లెలు పెళ్ళయి బెంగళూరు వెళ్ళిపోయింది. ఎండాకాలం సెలవులు అయ్యేలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

"ఫోటోలను అక్షరాలుగా మార్చి పెట్టండి సార్. అప్పుడు నేనే చదువుకుంటా," అంది పోతులయ్య సారుతో.

సారు నిట్టూర్చారు. "మార్చే సాఫ్ట్‌వేర్ ఉండాదమ్మా. కానీ పాత అచ్చు గదా, పుట్టెడు తప్పులు కొడతాది. ఒక్కో పేజీ మనిషి కూర్చొని దిద్దల్ల. మాకు సాయం చేసే దాతలేమో ఈ నెల ఎన్ని పేజీలెక్కినాయని అడుగుతారు గానీ, ఎన్ని దిద్దినారని అడగరు. ఎండాకాలం లోపల కాదు తల్లీ."

యశోద ముఖం వాడిపోయింది. అది చూసి క్రాంతి ముందూ వెనకా చూడకుండా నోరు తెరిచాడు. "నేను చదివి రికార్డు చేసి పంపిస్తా మేడం. రోజూ ఆఫీసయినాక."

ఆమె కర్ర మడతలు తడిమింది. ఒప్పుకోవడం ఇష్టం లేదని తెలిసిపోతూనే ఉంది. వేరే దారి లేదని కూడా.

"సరే. కానీ ఒక షరతు. ఏమీ దాటెయ్యకూడదు. మా నాగక్క చదివితే వర్ణనలన్నీ దాటేస్తాది. మా నాయన చదువుతా చదువుతా నిద్రపోతాడు. మా చెల్లెలు తనకు నచ్చనిదాన్ని ‘ఏం లేదులేక్కా’ అంటాది. ఏముందో ఏం లేదో నాకు నేను తెలుసుకోవల్ల. అచ్చులో ఉండేదంతా చదవల్ల. ఒప్పుకుంటారా?"

"ఒట్టు," అన్నాడు క్రాంతి.

ఆమె దిగేటప్పుడు అతను పరుగున వెళ్ళి మోచెయ్యి అందించాడు. "మెట్లు నిటారుగా ఉంటాయి మేడం, పట్టుకోండి."

"ఎక్కినదాన్ని దిగలేనా? మెట్లు నాకు తెలుసు," అని యశోద కర్ర విప్పి టకటకా దిగిపోయింది.

పోతులయ్య సారు వెనకనుంచి అన్నారు. "ఏమప్పా, ఇంకా ఆకలైతాందా?"

*

రికార్డింగులు మొదలయ్యాయి. హిందూపురం పక్కన పరిగిలో తన ఇంటి మిద్దెమీద కూర్చుని, కుక్కలు మొరగని వేళ చూసుకుని క్రాంతి ‘నాడె’ చదివేవాడు. మరుసటి పొద్దున రైల్లో యశోద వినేది. పెనుకొండ వచ్చేలోపు జవాబు వచ్చేది.

"మీ గొంతును రెండింతల స్పీడులో పెట్టి వింటాండా. చీమ ఉపన్యాసం చెప్పినట్లుండాది."

"నెమ్మదిగా వినొచ్చు గదా మేడం. కష్టపడి చదివినా."

"మీరు ‘కండె’ను ‘కంద’ అని చదివినారు. నేతగాళ్ళు కండెకు నూలు చుడతారు గానీ కందగడ్డకు కాదు. ఇంకోసారి కూర వండితే ఊరుకోను."

వారం గడిచేసరికి మేడం పోయి యశోద అయింది. ఇంకో వారానికి మీరు పోయి నువ్వు అయింది. ఎవరు ముందు మొదలుపెట్టారన్న విషయంలో ఇద్దరికీ ఇప్పటికీ తగాదా ఉంది.

పత్రికలో చీరల అంచుల బొమ్మలు ఉండేవి. వాటి దగ్గర క్రాంతి తడబడేవాడు. "ఈడొక అంచు బొమ్మ ఉంది. చానా అందంగా ఉండాది," అని చదివాడొకసారి.

"అందంగా ఉండాదా లేదా నేను చెప్తా. అందులో ఏముందో నువ్వు చెప్పు," అని జవాబొచ్చింది.

"ఏముందో ఎట్ల చెప్పల్లో తెలీలేదు."

"అయితే ఆదివారం ధర్మవరం రా. చూపిస్తా."

చూపులేని మనిషి చూపిస్తాననడం విని క్రాంతి నవ్వుకున్నాడు గానీ, ఆదివారం దాకా రోజులు కదలలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని రైలెక్కాడు. ధర్మవరంలో దిగేసరికి సన్నగా వాన. వీధిలోకి తిరగ్గానే ఇంటింటా మగ్గాల చప్పుడు.

గంగాధరప్ప మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతన్ని ఎగాదిగా చూశాడు. "ఏమబ్బా, పిల్లను చూసేకొచ్చినావా, చదివేకొచ్చినావా?"

"చదివే... నేర్చుకునేకొచ్చినా సార్."

"ఇస్త్రీ చొక్కా చూస్తే చూసేకొచ్చినట్లుంది," అన్నాడాయన, నాడె విసురుతూనే.

లోపలినుంచి యశోద అవ్వ వెంకటలక్ష్మమ్మ తొంగిచూసింది. "ఎవరే ఈ పిల్లోడు?"

"బొమ్మల్లో ఆకలని రాసినాయప్ప, అవ్వా!" అంది యశోద.

"అయ్యో, నాయనా! ఉండు, తినేకి ఉగ్గాని తెస్తా," అని అవ్వ పరుగెత్తింది. క్రాంతి ఖ్యాతి తనకన్నా ముందే రైలెక్కి వచ్చేసింది.

యశోద ఒక చీర తెచ్చి ఒళ్ళో పరిచింది. "కళ్ళు మూసుకో. మూసుకున్నావా?"

"మూసుకున్నా."

"అబద్ధం. మా నాయన నవ్వుతాండాడు."

ఈసారి నిజంగానే మూసుకున్నాడు. ఆమె అతని వేళ్ళు పట్టుకుని అంచు కొన మీద పెట్టింది. "కొన నుంచి లోపలికి రా. ఏం తగుల్తాంది?"

"నున్నగా ఒక పట్టీ. రెండు వేళ్ళ వెడల్పు. ఆ తర్వాత గరుకు. కొనలు తేలి ఉండాయి. గోపురాల వరస మాదిరి."

"గోపురానికీ గోపురానికీ నడుమ?"

"గుండ్రంగా... కాదు. మామిడి పిందె. తోక ఎడంపక్కకు తిరిగింది."

"అంతే. అందంగా ఉండాదనొద్దు. ఈ మాటలే రాయి. ఇంకా లోపలికి రా."

అతని వేళ్ళు జరిగాయి. ఒకచోట ఆగాయి. "ఇది అంచు కాదు," అన్నాడు.

"కాదు. నా వేలు," అంది యశోద.

తియ్యమని ఆమె అనలేదు, అతను తియ్యనూ లేదు. మగ్గం చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది, మునుపటికన్నా కొంచెం గట్టిగా.

ఇంతలో వాన పెద్దదైంది. గుంటమగ్గానికి వాన గిట్టదు. అడుగునుంచి నీళ్ళు ఊరుతాయి. గంగాధరప్ప కాళ్ళు పైకి తీసుకుని, పడుగు పోగులు తడవకుండా గుడ్డ కప్పుకుంటుంటే, క్రాంతి ఇస్త్రీ చొక్కాతోనే గుంటలోకి దిగి చెంబుతో నీళ్ళు తోడాడు. సాయంకాలం రైలెక్కేసరికి మోకాళ్ళ దాకా బురద.

ఆ రైల్లోనే అతను తేల్చుకున్నాడు. యశోదంటే తనకు ఇష్టం. ఎంతంటే, పెనుకొండ స్టేషన్ వస్తే ఇక్కడే గదా రోజూ దిగుతుందని ప్లాట్‌ఫారాన్ని కూడా ఇష్టంగా చూసేంత. ఆమెకు ఏ చిన్న నొప్పీ తగలకుండా చూసుకోవాలని కూడా అనుకున్నాడు. ఇబ్బందల్లా అక్కడే వచ్చింది.

*

మగ్గం పాటల వ్యాసాల్లో ఒకచోట ‘గుడ్డి కోడలి పాట’ అని ఉంది. క్రాంతి రికార్డింగు నొక్కి మొదలుపెట్టాడు.

*గుడ్డి కోడలొచ్చెనమ్మ గుమ్మమెట్ల దాటునే,*
*దీపమేల దిమ్మెయేల దిక్కులేని పిల్లకే...*

చదవడం ఆపేశాడు. ఈ మాటలు తన నోటితో యశోద చెవిలో పెట్టాలా? పొద్దున్నే రైల్లో, చుట్టూ జనంలో కూర్చుని ఆమె ఇది వినాలా? రికార్డింగు చెరిపేశాడు. ఆ పాటా, దాని చుట్టూ ఉన్న రెండు పేరాలూ వదిలేసి తర్వాతి పాటకు వెళ్ళిపోయాడు. మంచి పనే చేశాననుకుని హాయిగా నిద్రపోయాడు. ప్రేమలో పడ్డవాడికి తన తప్పు కూడా త్యాగంలాగే కనబడుతుంది.

తర్వాతి సంచికలో వ్యాసం రెండో భాగం. అందులో "గత సంచికలో ఇచ్చిన గుడ్డి కోడలి పాటే మా ఊరి వైపు ఇంకో వరసలో పాడతారు" అని ఉంది. దాన్ని మాత్రం అతను స్పష్టంగా, ఒత్తులు పోకుండా చదివి పంపాడు.

పొద్దున ఫోన్ మోగింది. వెనకాల రైలు చప్పుడు.

"కోడలి పాట ఏది క్రాంతీ?"

"ఏ పాట?"

"నేను టీచర్ని. ఈ ‘ఏ పాట’ అనే గొంతు రోజూ వింటా. హోంవర్కు చెయ్యని పిల్లోళ్ళది."

దాచి లాభం లేదు. "దాంట్లో గుడ్డిదని ఎగతాళి చేసిండారు యశోదా. నీకు బాధైతాదని..."



"ఆ మాట నాకు కొత్తనుకున్నావా? బడిలో విన్నా, బస్సులో విన్నా, పెండ్లిండ్లలో భోజనం కాడ విన్నా. ఇన్ని జాగాల్లో విన్నదాన్ని, నేను చదువుకునే పుస్తకంలో వినకూడదా? మగ్గం పాటల్లో గుడ్డిపిల్ల మీద పాటుందంటే, అది నాకు దొరకాల్సిన పాట. దాన్ని నాకు తెలీకుండా నువ్వు పెట్టెలో పెట్టి బీగమేసినావు."

"నీమీద ఇష్టంతోనే చేసినా."

"ఇష్టముండేవాళ్ళు అడుగుతారు. అడక్కుండా చేసేది దయ. దయ నాకు చానామంది చేసినారు క్రాంతీ, ఇంట్లో పెట్టుకునేకి జాగా లేదు. ఒట్టేసినావు నువ్వు. ఇంకేం దాటేసినావో నాకెట్ల తెలుస్తాది? నువ్వు చదివిందాంట్లో దేన్ని నమ్మి నేను థీసిస్ రాయల్ల? ఇంక పంపొద్దు."

ఫోన్ పెట్టేసింది. అతను మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

ఆ రోజు ఆఫీసులో అతను ‘నాడె’ సంచిక ముందేసుకుని, మొదటిసారిగా ఆ పాట చివరిదాకా చదివాడు. పాటలో అత్త కోడల్ని అన్ని మాటలూ అంటుంది. ఆఖరికి ఒక రోజు మగ్గం మీద పోగు తెగుతుంది. ఎక్కడ తెగిందో ఇంటిల్లిపాదికీ కనబడదు.

*తెగిన పోగు కానలేక దీపమెత్తి వెదికిరే,*
*కోడలేమొ వేలు పెట్టి కొనను పట్టి ముడిచెనే.*
*కన్నులున్న అత్త చీర కోడలి వేలె నేసెనే,*
*ఆ చీరే కట్టుకొని అత్త ఊరు ఊరు తిరిగెనే!*

క్రాంతి పుస్తకం మూసి బల్లమీద తల పెట్టుకున్నాడు. రెండు పాదాలు చదివి తీర్పు చెప్పేశాడు తను. ఆమెకు గాయమవుతుందని దాచింది, ఆమె నెత్తిన పెట్టుకోదగ్గ పాట.

*

క్షమించమని మెసేజ్ పెట్టొచ్చు. రాసి చెరిపేశాడు. మాటిచ్చి తప్పినవాడి దగ్గర ఇంకో మాటకు విలువేముంటుంది? ఆమె మొదటి రోజు అడిగింది అతని గొంతు కాదు, దయ అంతకన్నా కాదు. అక్షరాలు అడిగింది. అది చేసిపెట్టాలి. కానీ పోతులయ్య సారు ఒప్పుకోవాలి గదా.

సారును దారికి తెచ్చింది క్రాంతి కాదు, శుక్లాలు. ఆ వారమే ఆయన కంటికి ఆపరేషనయింది. పచ్చ గుడ్డ కట్టుకుని ఇంట్లో పడుకుని, ఏమీ తోచక క్రాంతిని పిలిపించారు. "ఏదన్నా వినిపించప్పా. టీవీలో అంతా అరుపులే."

క్రాంతి ఆయన ఫోన్‌లో స్క్రీన్ రీడర్ నొక్కి, తమ లైబ్రరీనే తెరిచి చేతికిచ్చాడు. "మన పుస్తకాలే సార్. మీ ఇష్టమొచ్చింది వినండి."

పావుగంట తర్వాత సారు పిలిచారు. "ఏమప్పా, ఇదేమంటాదో విను." ఫోన్ వరసగా చెబుతోంది. "బొమ్మ. ఆకలైతాంది. బొమ్మ. మిరపకాయ బజ్జీ తినల్ల. బొమ్మ. ఈ పొద్దు గూడా పప్పేనా."

"నా సర్వీసు డబ్బంతా పోసి పెట్టిన లైబ్రరీలో ఒక్క వాక్యం వినబడలేదు గదప్పా," అన్నారు సారు. గుడ్డ కట్టిన కన్నుతో, కట్టని కన్నుతో రెండింటితోనూ బాధపడ్డారు. "ఆ అమ్మి చెప్పినప్పుడు నాకర్థం కాలే. కొత్త పుస్తకాలు ఎక్కించేది నిలిపెయ్యి. ఉండేవాటిని సరి చెయ్యి. దాతలకు నేను చెప్పుకుంటా."

"ఏది ముందు సార్?"

"అడగాల్నా? నాడె."

క్రాంతి కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ సంగతి సారు చెప్పినట్టే ఉంది. మగ్గం అని ఉన్నచోటల్లా ముగ్గు అని కొట్టింది. దాని లెక్కన ధర్మవరంలో మగవాళ్ళంతా తరతరాలుగా ముగ్గులేసుకుని బతికారు. ఒక్కొక్క ముగ్గునూ మళ్ళీ మగ్గం చేశాడు. పాటల్ని పాదాలుగా విడగొట్టాడు. ఒక వ్యాసం నుంచి ఇంకో వ్యాసానికి దూకడానికి వీలుగా శీర్షికలు పెట్టాడు. పాత అచ్చులో చిరిగిపోయి చదవడానికి రానిచోట ఊహించి నింపలేదు. "ఇక్కడ కాగితం చిరిగింది" అని ఉన్నది ఉన్నట్టు రాశాడు. బస్సులు చూపించమనే పరీక్షను పీకేయించాడు. ప్రతి అంచు బొమ్మ దగ్గరా కళ్ళు మూసుకుని, వేళ్ళు కొన నుంచి లోపలికి ఎలా వెళతాయో తలచుకుని వివరణ రాశాడు. ఆకలీ, టీ, పప్పూ, కుర్చీ, అన్నీ తీసేశాడు.

పని అయ్యేసరికి బెల్లం మండీలో చింతపండు బస్తాలు దిగుతున్నాయి. ఎండలు ముదిరాయి. యశోదకు ఒక్క మెసేజ్ పెట్టాడు. "నాడె సంచికలన్నీ అక్షరాల్లో ఉండాయి. ఏమీ దాటెయ్యలేదు. కోడలి పాట మొత్తం ఉంది, చివరిదాకా చదువు. అప్పుడు నేను చదవలేదు, అదే నా తప్పు."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

రాకపోవడం న్యాయమే అనుకున్నాడు. ఇంక ఆమెకు తనతో పనేముంది? చదివిపెట్టేవాడి అవసరం తీరిపోయేలా తన చేతులతోనే చేసుకున్నాడు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. అయినా, నరికినందుకు విచారం కలగలేదు. ఆమె లేనందుకు మాత్రం కలిగింది. మధ్యాహ్నం ప్యాసింజర్ వచ్చే వేళకు చెవులు మెట్ల వైపు వెళ్ళేవి. పోతులయ్య సారు చూసీ చూడనట్టుండేవారు. ఇప్పుడాయనకు రెండు కళ్ళూ బాగా కనబడుతున్నాయి.

*

తొలకరి పడ్డ శనివారం. సారు బ్యాంకుకు వెళ్ళారు. కరెంటు లేదు. వాన చప్పుడులో మెట్ల మీద టకటకమని కర్ర వినబడింది.

"ఈడ ఆకలయ్యే మనిషి ఉండాడా?"

క్రాంతి లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది.

యశోద గుమ్మంలో గొడుగు దులుపుకుంటోంది. "ఏం పడింది?"

"ఏం లేదు. కుర్చీ." అతను దాన్ని లేపి నిలబెట్టాడు. "రా. ఏమన్నా తప్పులుండాయా సైట్‌లో? ఏ పేజీ?"

"తప్పుల్లేవు. ఒకచోట ముగ్గు మిగిలిపాయ గానీ, దానికోసం రాలేదు."

"ఇంకేదన్నా పుస్తకం కావాల్నా?"

"అక్కర్లేదు. థీసిస్ మొన్ననే ఇచ్చేసినా. కోడలి పాటకే ఒక అధ్యాయం రాసినా. రాత్రీ పగలూ నేనే చదువుకున్నా క్రాంతీ. కావాల్సినచోట ఆగినా, ఎనక్కి పోయినా, ఒక పాదం పదిసార్లు విన్నా. ఎవరికీ విసుగు రాలే. ఎవరి తీరికా అడగలే. నా జన్మలో ఒక పుస్తకాన్ని అట్ల చదివింది ఇదే మొదలు." ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. దాచుకోలేదు.

"మరి మెసేజ్ పెట్టలేదే?"

"పెట్టల్లనుకున్నా. అప్పుడు పెడితే, పని చేసిచ్చినాడు గదాని థాంక్స్ చెప్పినట్లయితాది. నాకు నువ్వు చదివిపెట్టేవాడివిగా ఉన్నన్నాళ్ళూ, నా మనసులో ఉండేది నిజమా, అవసరమా అని నాకే అనుమానం. చదివిపెట్టేవాళ్ళను మంచి చేసుకోవడం నాకు చిన్నప్పట్నుంచి అలవాటు." ఒక అడుగు లోపలికి వేసింది. "ఈ పొద్దు నీతో నాకు ఏ పనీ లేదు. వెదికి వెదికి చూసుకున్నా, ఒక్క పని గూడా లేదు. అయినా రైలెక్కినా. పెనుకొండలో దిగలేదు."

క్రాంతికి తెలిసింది ఒక్కటే, అదే చెప్పాడు. "నువ్వంటే నాకు చానా ఇష్టం యశోదా. పెండ్లి చేసుకుందామా? అడక్కుండా ఏదీ చెయ్యను. అందుకే అడుగుతాండా."

"మా నాయన నీకన్నా ముందే అడిగినాడు."

"ఏమని?"

"‘వానలు మొదలైనాయి, గుంటలో నీళ్ళు తోడే పిల్లోడు ఎప్పుడొస్తాడు’ అని. మా అవ్వ ఉగ్గానికి బొరుగులు గూడా తెచ్చి పెట్టింది." నవ్వి, తల కొంచెం వంచింది. "నేనూ ఒప్పుకున్నా. కానీ ఒక తగాదా ఉండాది. సైటంతా వెదికినా. ఆకలి లేదు, టీ లేదు, సారు కుర్చీ లేదు. అన్నీ తీసేసినావు."

"అవి తప్పు గదా. బొమ్మలో ఏముందో అదే రాయల్ల."

"తప్పే. నువ్వు పరిచయమైంది మాత్రం వాటితోనే. ఇంక ఆకలైతే ఎవరికి చెప్పుకుంటావు?"

"నీకే. ఇప్పుడే అయితాంది."

"నాకూ. పద, మిరపకాయ బజ్జీలు తిందాం."

ఆఫీసు తలుపు వేసి, మెట్ల దగ్గర అతను ఆగాడు. ఈసారి మోచెయ్యి చాచలేదు. పక్కన నిలబడ్డాడంతే. యశోద కర్ర మడిచి బ్యాగులో పెట్టుకుంది. చెయ్యి చాచి, తడిమి, అతని మోచెయ్యి పట్టుకుంది.

"మెట్లు నీకు తెలుసు గదా?" అన్నాడు క్రాంతి.

"తెలుసు," అంది యశోద. "అయినా పట్టుకుంటా."